ఆటోలో మైకు ఎందుకు మూగబోయింది?



మన రావికమతం చుట్టుపక్కల ఊళ్లలో పొద్దున్నే ఒక ఆటో తిరుగుతుంది. "వంకాయలమ్మా, బెండకాయలమ్మా" అని మైకులో పిలుపు వినిపిస్తుంది. ఆ పిలుపు విని మనం సంచి పట్టుకుని బయటికి వస్తాం.

ఆ ఆటో మన రాత్రి చదువుకి వచ్చే ఒక అప్పది. ఆటో నడిపేది బావ. కాయలు తూచేది, డబ్బులు చూసేది అప్ప.

ఒక రోజు మైకు మూగబోయింది. అప్ప గొంతు చించుకుని అరిచింది. వీధి చివరి ఇళ్లకు వినిపించలేదు. సగం కాయలు మిగిలిపోయాయి. సాయంత్రానికి వాడిపోయాయి.

బాగుచేసే చోట చూపించారు. పెట్టె విప్పి చూడనే లేదు. "యాంప్లిఫయరు పోయింది. కొత్తది మూడున్నర వేలు" అన్నారు.

ఆ రాత్రి అప్ప పలక పక్కన పెట్టి అడిగింది.

"ఏటి చేద్దాం పంతులమ్మా? సంఘంలో అప్పు తియ్యమంటావేటి?"

"తొందరపడకు అప్పా. ముందు మనం చూద్దాం" అన్నాను.

నేను మెకానిక్‌ని కాను. టీచరు ట్రైనింగులో సెల్లు, వైరు, బల్బు కలిపి పిల్లలకు చూపించడం నేర్చుకున్నాను. ఆ చదువే ఇక్కడ పనికొచ్చింది.

యాంప్లిఫయరు అంటే ఏమిటి?

పాటల సెట్టు నుంచి వచ్చే శబ్దానికి బలం తక్కువ. ఆ బలం పెద్ద స్పీకరుకు చాలదు. దానికి బలం పెంచి స్పీకరుకు పంపే పెట్టే యాంప్లిఫయరు. ఆ బలం ఎక్కడిది? బ్యాటరీది. ఆటో బ్యాటరీ 12 వోల్టులు.

కల్యాణపులోవ జలాశయం మనకు తెలుసు. జలాశయం నీళ్లు తూము దాటి, కాలువలో పారి, మడిలోకి రావాలి. మడికి నీళ్లు రాకపోతే మడిని తప్పు పడతామా? కాలవ గట్టు పట్టుకుని నడుస్తాం. గండి ఎక్కడుందో వెతుకుతాం.

ఇదీ అంతే. బ్యాటరీ జలాశయం. ఫ్యూజు తూము. వైరు కాలువ. యాంప్లిఫయరు మడి. కరెంటుకు ఇంకొకటి కూడా కావాలి. తిరిగి వెళ్లే దారి కావాలి. ఆటోలో ఆ దారి ఇనుప బాడీయే. దాన్ని ఎర్తు అంటారు.

ముందు జాగ్రత్త

ఇంజను ఆపాలి. ఉంగరం, లోహపు గాజులు తీసెయ్యాలి. బ్యాటరీ మీద లోహం అడ్డంగా తగిలితే నిప్పు రవ్వలు లేస్తాయి. చెయ్యి కాలుతుంది. వైరు విప్పేటప్పుడు బ్యాటరీ మైనసు ముందు విప్పాలి. బిగించేటప్పుడు మైనసు ఆఖరున బిగించాలి.

మేము ఎలా చూశాం?

12 వోల్టుల చిన్న బల్బు ఒకటి తెచ్చాం. దానికి రెండు వైర్లు కట్టాం. అదే మా పరీక్ష దీపం.

ఒకటి. బ్యాటరీ ప్లస్సుకు ఒక వైరు, మైనసుకు ఒక వైరు పెట్టాం. దీపం బాగా వెలిగింది. బ్యాటరీలో కరెంటు ఉంది.

రెండు. ఒక వైరు ఆటో బాడీకి పెట్టాం. రెండో వైరు ఫ్యూజుకి ఇవతల పెట్టాం. వెలిగింది. ఫ్యూజుకి అవతల పెట్టాం. వెలగలేదు. అంటే తూము దగ్గరే ఆగిపోయింది.

ఫ్యూజు డబ్బీ తీసి చూశాం. అందులో ఫ్యూజు లేదు! సిగరెట్టు పెట్టె వెండి కాగితం మడిచి పెట్టి ఉంది. అదీ కాలిపోయింది.

అప్ప ముఖం వాడిపోయింది. "మా మరిది పెట్టాడు. మొన్న ఫ్యూజు పోతే బేరం ఆగిపోకూడదని పెట్టాడు" అంది.

మరిది మంచి మనసుతోనే పెట్టాడు. కానీ అది ఎంత ప్రమాదమో చూడండి.

మూడు. అక్కడి నుంచి వైరు పట్టుకుని వెళ్లాం. సీటు కింద ఇనుప అంచుకి వైరు ఒరుసుకుంది. పై తొడుగు అరిగి, లోపలి రాగి బయటపడింది. అది బాడీకి తగులుతోంది. కాలవకి పడ్డ గండి ఇదే. కరెంటు యాంప్లిఫయరు దాకా పోకుండా ఇక్కడే బాడీలోకి పోయింది.

అసలు ఫ్యూజు అందుకే కాలింది. కాలి, వైరును కాపాడింది. వెండి కాగితం అంత తొందరగా కాలలేదు. వైరు వేడెక్కింది. తొడుగు జానెడు మేర కరిగిపోయింది. పక్కనే డీజిలు పైపు ఉంది.

అప్ప ఆ కరిగిన వైరు చేత్తో పట్టుకుంది. "రోజూ నా మనవరాలు ఈ సీటు మీదే కూచుంటాది" అంది. ఇంకేమీ మాట్లాడలేదు.

ఫ్యూజు మీద అంకె చదవండి

యాంప్లిఫయరు పక్కన కూడా ఒక ఫ్యూజు ఉంది. అప్ప దాని మీది అంకె తానే చదివింది. "పదిహేను" అంది. నీలం రంగు.

ఈ ఫ్యూజులకు అంకె, రంగు రెండూ ఉంటాయి.

10 – ఎరుపు
15 – నీలం
20 – పసుపు
30 – ఆకుపచ్చ

ఆ అంకె ఆంపియర్లు. 12 వోల్టులను 15 ఆంపియర్లతో హెచ్చిస్తే 180 వాట్లు. ఇంట్లో వాడే 9 వాట్ల బల్బులు 20 వెలిగించేంత బలం. 15 ఉన్న చోట 15 మాత్రమే పెట్టాలి. 30 పెట్టకూడదు. తీగ ముక్క, వెండి కాగితం అసలే పెట్టకూడదు.

మర్నాడు కొత్త వైరు వేశాం. ఇనుప అంచు దగ్గర రబ్బరు గొట్టం తొడిగాం. 15 ఫ్యూజు పెట్టాం. యాంప్లిఫయరు మీద పచ్చ దీపం వెలిగింది. మైకు పలికింది. ఖర్చు వంద రూపాయలు దాటలేదు. మూడున్నర వేల అప్పు తప్పింది.

మీ బండిలో వేరే తప్పు ఉంటే?

దీపం వెలగలేదు. ఫ్యూజు బాగుంది. అయితే ఎర్తు బోల్టు చూడండి. తుప్పు, రంగు గీకి గట్టిగా బిగించండి. పాటల సెట్టు నుంచి యాంప్లిఫయరుకి ఒక సన్న వైరు వస్తుంది. దాన్ని రిమోటు వైరు అంటారు. సెట్టు వేస్తే అందులో కరెంటు రావాలి. అక్కడ చిన్న బల్బుతోనే చూడాలి. హెడ్‌లైటు బల్బు పెడితే సెట్టు చెడిపోతుంది.

ఎర్ర దీపం వెలిగింది. యాంప్లిఫయరు తనను తాను కాపాడుకుంటోంది అని అర్థం. బాగా వేడెక్కితే చల్లారనివ్వండి. చల్లారినా ఎర్రదీపం పోకపోతే, సెట్టు ఆపి స్పీకరు వైర్లు అన్నీ విప్పండి. మళ్లీ వెయ్యండి. పచ్చ దీపం వస్తే తప్పు స్పీకరులోనో, దాని వైరులోనో ఉంది. ఇంకా ఎర్రగానే ఉంటే పెట్టె లోపలే తప్పు ఉండవచ్చు. అప్పుడు మెకానిక్‌కి ఇవ్వండి. మీరు విప్పకండి.

పచ్చ దీపం ఉంది. శబ్దం లేదు. స్పీకరు వైర్లు విప్పి, వాటికి గోడగడియారం సెల్లు ఒక్క క్షణం తాకించండి. "టక్" మంటే స్పీకరు బతికే ఉంది. అప్పుడు పాటల సెట్టు వైరు చూడండి.

ఇంజను వేగం పెంచితే మైకులో "గుయ్" మని మోత పెరుగుతోంది. ఎక్కువగా ఎర్తు వదులైతే ఇలా వస్తుంది. పాట వైరు, కరెంటు వైరు ఒకే చోట కట్టినా వస్తుంది. వాటిని దూరంగా కట్టండి.

అప్ప రాసిన చీటీ

ఇప్పుడు ఆ ఆటోలో ఫ్యూజు డబ్బీ పక్కన ఒక చీటీ అంటించి ఉంది. అప్ప స్వయంగా రాసింది. అక్షరాలు కొంచెం వంకర. అయినా చదవొచ్చు.

"ఇక్కడ 15 నీలం ఫ్యూజు పెట్టాలి. కాగితం పెట్టరాదు."

మొదట చదివింది మరిదే. చదివి, తల గోక్కుని నవ్వాడు. జేబులోంచి రెండు నీలం ఫ్యూజులు తీసి అప్ప చేతిలో పెట్టాడు.

చదవండి, రాయండి

బ్యాటరీ   ఫ్యూజు   వైరు   ఎర్తు   బల్బు   యాంప్లిఫయరు

చెప్పండి

1. ఫ్యూజు కాలిపోవడం వల్ల మనకు మేలా, కీడా? ఎందుకు?
2. 15 ఫ్యూజు చోట 30 పెడితే ఏమవుతుంది?
3. 12 వోల్టులు, 10 ఆంపియర్లు అయితే ఎన్ని వాట్లు? లెక్క కట్టండి.
4. మీ ఇంట్లో మీటరు దగ్గర ఫ్యూజు ఉందా? అందులో ఏ తీగ కట్టారు? ఎవరు కట్టారు? అడిగి తెలుసుకోండి. మెయిను ఆపకుండా ముట్టుకోవద్దు.