ఆగ్నెస్ డాక్టరయిన దారి



నీట్ ఫలితాలు వెలువడిన వారం మన విచారణల్లో కొన్ని ఇళ్లలో పండుగ, చాలా ఇళ్లలో మౌనం. ఆ మౌనంలో ఉన్నవారి కోసం ఈ వారం ఒక స్కాట్లాండు స్త్రీ జీవితం చదువుదాం. ఆమె పేరు గుంటూరువారికి తెలియకపోయినా ఆమె వల్ల కలిగిన మేలు తెలుసు.

ఆగ్నెస్ మెక్‌లారెన్ 1837లో ఎడిన్‌బరోలో జన్మించారు. తండ్రి పార్లమెంటు సభ్యుడు. పలుకుబడికి లోటు లేదు. అయినా సొంత ఊరి విశ్వవిద్యాలయంలో ఆమెకు వైద్యం చదివే వీలు లేకపోయింది. 1869లో అక్కడ చేరిన కొందరు స్త్రీలు పట్టాల కోసం కోర్టుకు వెళితే, అసలు వారిని చేర్చుకోవడమే చెల్లదని 1873లో తీర్పు వచ్చింది. ఆగ్నెస్‌కు అడ్డుపడింది చట్టమే గాని చదువులో లోపం కాదు. మార్కులు చాలక సీటు తప్పినవారి సంగతి వేరు. వారు ముందుగా జవాబులు సరిచూసుకుని, మార్కులు ఫిజిక్సులో పోయాయా, ఊహించి పెట్టిన గుర్తుల వల్ల పోయాయా తేల్చుకోవాలి. తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉంది కదా!

ఆగ్నెస్ ఫ్రాన్సులోని మాంపెలియే వెళ్లారు. పాఠాలూ పరీక్షలూ ఫ్రెంచిలోనే. అప్పటికి కతోలికురాలు కాకపోయినా కన్యస్త్రీల మఠంలోనే బస. 1878లో పట్టా అందేసరికి నలభై ఏళ్లు నిండాయి. ఆ పట్టా స్వదేశంలో వైద్యం చేయడానికి చాలలేదు. డబ్లిన్‌లో మళ్లీ పరీక్షకు కూర్చుని అనుమతి పొందారు. అదెంత కష్టమో, విదేశాల్లో ఎం.బి.బి.ఎస్. చదివివచ్చి ఇక్కడ పరీక్ష రాస్తున్న మన పిల్లలను అడగండి.

1898లో ఆమె కతోలిక శ్రీసభలో చేరారు. నేడు పాకిస్తాన్‌లో ఉన్న రావల్పిండిలో, పరదా చాటున ఉండి పురుష వైద్యులకు చూపించుకోని స్త్రీల కోసం ఆమె చొరవతో ఆసుపత్రి వెలసింది. 72 ఏళ్ల వయసులో ఆమే అక్కడికి ప్రయాణమై వచ్చారు. కన్యస్త్రీలు వైద్యవృత్తి చేపట్టరాదన్న నిబంధనను సడలించమని రోముకు పదేపదే విన్నవించారు. 1913లో మరణించేనాటికి ఆ మనవి నెరవేరలేదు. 1936లో గాని అనుమతి రాలేదు.

ఈలోగా 1915లో, ఆగ్నెస్‌ను గురించిన ఒక చిన్న పుస్తకం ఆస్ట్రేలియాలో మేరీ గ్లోరీ అనే యువ డాక్టరు చదివారు. 1920లో ఆమె గుంటూరు వచ్చి కన్యస్త్రీ అయ్యారు. పాపుగారి ప్రత్యేక అనుమతితో ఒక చిన్న మందులశాలలో వైద్యం మొదలుపెట్టారు. నేటి సెయింట్ జోసఫ్ ఆసుపత్రి ఆ మందులశాల నుండి పెరిగిందే.