రాబోవు కారుపందెపు ఆట ఎట్లుండవలెను?

తల్లిదండ్రులారా! మన బిడ్డలు తెరపై కారుపందెములు ఆడుట చూచి విసుగుకొనుట సహజము. అయినను ఆ ఆటలో వారు ఏమి కోరుచున్నారో తెలిసికొన్నచో, వారితో మాటాడుటకు మంచి దారి యేర్పడును.

పూర్వపు పందెపుటాటలలో కారు ఒకే బాటలో తిరుగుచుండెను. నేటి 'ఓపెన్ వరల్డ్' ఆటలలోనో ఊళ్లు, పొలములు, కొండలు గల విశాల ప్రదేశము తెరపై నుండును. ఆటగాడు ఇచ్ఛ వచ్చిన దారిని పోవచ్చును. 2021లో వెలువడిన 'ఫోర్జా హొరైజన్ 5' మెక్సికో దేశమును ఆటస్థలముగా గైకొన్నది. రాబోవు ఆటలలో ఉండవలెనని ఆటగాండ్రు కోరువానిలో మూడింటిని ఇచట వివరింతుము.

మొదటిది, వైవిధ్యము గల దారులు. తిరుమంగలము నుండి కొల్లము పోవు మన రహదారినే చూడుడు. అది శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయముల మీదుగా పడమటి కనుమలను కుడివైపున ఉంచుకొని సాగి, సెంగోట్టై దాటి, కనుమ మలుపులలో కేరళమున ప్రవేశించును. ఎండిన మైదానమున ఒకలాగు, వానకు తడిసిన మలుపున మరియొకలాగు చక్రము పట్టు మారవలెనని ఆటగాండ్ర కోరిక.

రెండవది, కొన్న ఆట నిలిచియుండుట. 2014లో వచ్చిన 'ది క్రూ' అను ఆట, ఒంటరిగా ఆడువానికిని ఇంటర్నెట్ లేనిదే నడవకుండెను. 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సంస్థ దాని సర్వర్లను నిలిపివేయగా, వెల యిచ్చి కొన్నవారును ఆడలేకపోయిరి. ఆటగాండ్రు నిరసించిరి. ఆ సంవత్సరమే ఆ వరుసలోని తరువాతి రెండు ఆటలకు ఇంటర్నెట్ లేకయే ఆడు వసతి కల్పింతుమని సంస్థ ప్రకటించెను.

మూడవది, భాష. 2022లో 'ఫోర్జా హొరైజన్ 5' నందు వినికిడి లేనివారి కొరకు అమెరికా, బ్రిటిష్ సంజ్ఞాభాషలను చేర్చిరి. తెలుగు మాత్రము అందు లేదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. మన బిడ్డలు అడుగవలెనన్న, ముందు ఆ భాష వారి చేతిలో నుండవలెను.

కావున ఈ సెలవులలో, "రాబోవు ఆటలో ఏమేమి ఉండవలెను?" అను విషయముపై మీ బిడ్డచే పది వాక్యములు తెలుగున వ్రాయింపుడు. మలుపు, వాలు, ఎత్తు, జారుడు, పట్టు మున్నగు మాటలు వారికి కావలసివచ్చును. తెలియనివి మీరు చెప్పుడు. తప్పులను మెల్లగా దిద్దుడు. ఇష్టమైన విషయమును గూర్చి వ్రాయునప్పుడు బిడ్డలకు భాష త్వరగా అలవడును.