పెడచదువు: లారిన్ హిల్ పాట, బతుకు

ఆల్బమ్ మొదలవగానే బడి గంట మోగుతుంది. పంతులు హాజరు వేస్తుంటాడు. పిల్లలు ఒక్కొక్కరే పలుకుతారు. ‘లారిన్ హిల్’ అని పిలుస్తాడు. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తాడు, అప్పుడూ రాదు. ఆ తర్వాత పాట మొదలవుతుంది.

ఆ ఆల్బమ్ పేరు ‘ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్’. 1998 ఆగస్టు 25న అమెరికాలో విడుదలైంది. అప్పటికి మనలో ఎవరమూ పుట్టలేదు. మనలో అంటే విద్యార్థినుల్లో. మేడమ్‌లు క్షమించాలి.

ఈసారి గోడపత్రికకి ‘పాట – సమాజం’ మీద రాయమన్నారు. అన్నమయ్య, క్షేత్రయ్య, జానపదం అన్నీ మిగతావాళ్ళు ముందే పంచేసుకున్నారు. నాకు హిప్‌హాప్ మిగిలింది అనను, నేనే అడిగి తీసుకున్నాను. తెలుగు శాఖ గోడ మీద దీనికేం పని అని అడిగేవాళ్ళకి జవాబు ఒక్కటే. ‘మిస్‌ఎడ్యుకేషన్’ అనే మాటని తెలుగులో ఏమనాలి అని నేను చాలా రోజులు ఆలోచించాను. ఆ మాట అర్థం కావాలంటే లారిన్ హిల్ కథ తెలియాలి.

ఆమె 1975లో న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టింది. వాళ్ళమ్మ ఇంగ్లీషు టీచరు. అమ్మ దాచుకున్న పాత సోల్ సంగీతం రికార్డులు వింటూ పెరిగింది. పదమూడేళ్ళప్పుడు న్యూయార్క్‌లోని అపోలో థియేటర్‌లో పాటల పోటీకి వెళ్ళింది. కొత్త పాటగాళ్ళు నచ్చకపోతే గోల చేసి దింపేయడం అక్కడి జనానికి అలవాటు. ఈమె మొదలుపెట్టగానే గోల లేచింది. ఆపలేదు, పాట పూర్తి చేసింది. స్టేజీ దిగాక ఏడ్చిందట. 1993లో ‘సిస్టర్ యాక్ట్ 2’ సినిమాలో నటించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరింది, బృందం పనులు ఎక్కువయ్యేసరికి మానేసింది.

ఆ బృందం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అందులో ముగ్గురు: లారిన్, వైక్లెఫ్ జాన్, ప్రాస్ మిషెల్. (ర్యాప్ పాడేవాడి పేరు ప్రాస్! చూడగానే నవ్వొచ్చింది.) వైక్లెఫ్ హైతీ దేశంలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. ప్రాస్ అమ్మానాన్నలదీ హైతీయే. వేరే వేరే భాషల్లో ర్యాప్ కట్టాలన్నది వాళ్ళ ఆలోచన, అందుకే మొదట ‘ట్రాన్స్‌లేటర్ క్రూ’ అని పేరు పెట్టుకున్నారు. అనువాదకుల ముఠా అన్నమాట. ట్రాన్స్‌లేటర్ పేరుతో అప్పటికే ఇంకో బృందం ఉండటంతో మార్చుకోవాల్సి వచ్చింది. ‘ఫ్యూజీస్’ అని పెట్టుకున్నారు. రెఫ్యూజీ, అంటే శరణార్థి అనే మాటని కత్తిరిస్తే వచ్చింది అది. అప్పట్లో అమెరికాలో హైతీ వాళ్ళని ఎగతాళి చేయడానికి వాడిన మాట. ఆ తిట్టునే తీసుకొని రికార్డు అట్ట మీద పేరుగా అచ్చేయించారు.

మద్రాసులో తెలుగు ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బస్సులో అమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడితే వెనక సీటు నుంచి ‘గొల్టి’ అని వినబడుతుంది. సెలవులకి నెల్లూరు వెళ్తే పెద్దమ్మ కూతుళ్ళు నా తెలుగు విని ‘అరవపిల్ల వచ్చింది’ అంటారు. మా నాన్న తమిళం, అమ్మ తెలుగు. ఇంట్లో ఒకే వాక్యం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో పూర్తవుతుంది. ఇక్కడ గొల్టి, అక్కడ అరవపిల్ల. ‘గొల్టీస్’ అని బృందం పెడదాం రండి అని పిలవడం లేదు (ఎవరైనా పెడితే కోరస్‌కి వస్తాను). తిట్టుని పేరుగా మార్చుకోవాలంటే ముందు ఎంత పని చేసి చూపించాలో ఫ్యూజీస్ కథలో కనిపిస్తుంది. 1994లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రెండోది, ‘ద స్కోర్’, న్యూజెర్సీలో ఒక ఇంటి నేలమాళిగలో తయారైంది. 1996లో వచ్చి అమెరికా పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది, రెండు గ్రామీలు తెచ్చింది. రోబర్టా ఫ్లాక్ 1973లో పాడి మెప్పించిన ‘కిల్లింగ్ మీ సాఫ్ట్‌లీ’ పాటని లారిన్ గొంతుతో మళ్ళీ ప్రపంచమంతా విన్నది అప్పుడే. అప్పటికి ఆమెకి ఇరవై, ఇరవై ఒకటి. మనకంటే ఒక్క ఏడాది పెద్ద.

తర్వాత ముగ్గురూ విడిపోయారు. లారిన్ ఒంటరిగా చేసిన ఆల్బమే ఈ వ్యాసానికి కారణం.

మన ఛందస్సు క్లాసుకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ‘డూ వాప్’ అనే పాటలో ఆమె పాడుతుంది, ర్యాప్ కూడా తనే చెబుతుంది. ర్యాప్‌లో ఒక పాదాన్ని ‘బార్’ అంటారు, బార్‌కి నాలుగు దెబ్బలు. తాళం తెలిసినవాళ్ళకి చతురశ్రం అంటే చాలు. మన పద్యంలో ప్రాస పాదంలో రెండో అక్షరం దగ్గర ఉంటుంది. ర్యాప్‌లో అది పాదం చివర పడుతుంది, గట్టి కవి అయితే మధ్యలో కూడా రెండు మూడు చోట్ల తగిలిస్తాడు. ఇంక యతి. సంస్కృతంలో యతి అంటే విరామం, పద్యం చదివేటప్పుడు ఆగే చోటు. తెలుగుకి వచ్చేసరికి అది అక్షరాల మైత్రి అయింది. క్లాసులో ఈ తేడా నా బుర్రకి ఎక్కలేదు. లారిన్ ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో లెక్కపెడుతూ విన్నప్పుడు సంస్కృత యతి ఏంటో తెలిసింది. మేడమ్, ఇది మీ పాఠం మీద విసురు కాదు.

ఆ పాటలో మొదటి చరణం ఆడపిల్లలకి, రెండోది మగపిల్లలకి. ఇద్దరినీ మందలిస్తుంది, కానీ పైనుంచి దిగి వచ్చినట్టు ఉండదు, ఎదురింటి అక్క గుమ్మంలో నిలబడి అంటున్నట్టు ఉంటుంది. వీడియోలో తెర రెండు సగాలుగా చీలి ఉంటుంది. ఒక సగంలో 1967 నాటి న్యూయార్క్ వీధి, రెండో సగంలో అదే వీధి 1998లో. రెండు చోట్లా పాడేది లారినే, బట్టలూ జుట్టూ మాత్రం వేరు.

ఇప్పుడు పేరు సంగతి. 1933లో కార్టర్ జి. వుడ్‌సన్ అనే చరిత్రకారుడు ‘ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ ద నీగ్రో’ అని పుస్తకం రాశాడు. వాళ్ళ అమ్మానాన్నలు బానిసలుగా బతికినవాళ్ళు. ఆయన హార్వర్డ్‌లో పీహెచ్‌డీ చేసిన రెండో నల్లజాతి మనిషి. ఆయన వాదన స్థూలంగా ఇది: బడిలో నల్లపిల్లలకి ఇతరుల గొప్పతనమే చెబుతారు, వాళ్ళ సొంత జనం ఏమీ చేయనట్టు నేర్పుతారు, అలా చదువుకున్నవాడు బయటికొచ్చి తనవాళ్ళనే చిన్నచూపు చూస్తాడు. చదువు లేకపోవడం కాదు ఇది. చదువు ఉంది, మార్కులూ ఉన్నాయి, కానీ అది తప్పు దిక్కుకి నడిపించింది. ‘అవిద్య’ అందామంటే వేదాంతంలోకి పోతుంది. ‘దుర్విద్య’ అంటే మంత్రగాడు గుర్తొస్తాడు. పెడదారి, పెడర్థం ఉన్నట్టే ‘పెడచదువు’ అనొచ్చు కదా అనిపించింది. మీకు ఇంతకంటే మంచి మాట తోస్తే కింద ఖాళీలో రాయండి.

లారిన్ ఆ పేరుని తన మీదే పెట్టుకుంది. పాటల మధ్యలో ఆ తరగతి గది మళ్ళీ మళ్ళీ వస్తుంది. పంతులు పిల్లల్ని ప్రేమ గురించి అడుగుతాడు, పిల్లలు తోచింది చెబుతారు. ఆ పంతులి గొంతు రాస్ బరాకా అనే కవిది. నిజజీవితంలోనూ ఆయన ఉపాధ్యాయుడే, 2014లో నెవార్క్ నగరానికి మేయర్ అయ్యాడు. ఆ పాఠాలన్నిటికీ లారిన్ గైర్హాజరు. ఎక్కడికి వెళ్ళిందో ఆల్బమ్‌లో ఎవరూ చెప్పరు. మధ్యలో వచ్చే పాటలే అది చెబుతున్నాయని నా అభిప్రాయం.

వాటిలో ‘టు జయాన్’ ఒకటి. 1997లో ఆమెకి కొడుకు పుట్టాడు, పేరు జయాన్. కడుపుతో ఉన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు కెరీర్ చూసుకోమన్నారని ఆ పాటలోనే చెబుతుంది. దీన్ని ‘తల్లి త్యాగం’ అని పొగిడేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆమె దేన్నీ వదులుకోలేదు. బిడ్డ పుట్టిన ఏడాదికి ఆల్బమ్ వచ్చింది, మొదటి వారంలోనే 4 లక్షల 20 వేలకు పైగా అమ్ముడైంది. 1999 ఫిబ్రవరిలో ఒకే రాత్రి ఐదు గ్రామీలు గెలుచుకుంది. అంతకుముందు ఏ స్త్రీకీ ఒక్క రాత్రిలో అన్ని రాలేదు. ‘ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్’ గ్రామీ ఒక హిప్‌హాప్ ఆల్బమ్‌కి రావడం కూడా అదే మొదటిసారి.

మనకి చెప్పేది తిరగేసిన మాట. ‘చదువెప్పుడైనా చదువుకోవచ్చు, మంచి సంబంధం మళ్ళీ రాదు’ అంటారు. మొదటి సంవత్సరంలో మన క్లాసు హాజరులో పలికిన రెండు పేర్లు ఇప్పుడు పట్టీలో లేవు. ఒకరి పెళ్ళికి మనమందరం వెళ్ళాం, బాగా తిన్నాం, ఫోటోలు దిగాం. ఆ అమ్మాయి ఏం కోరుకుందో మనలో ఎవరం అడగలేదు. లారిన్‌కి చెప్పినవాళ్ళూ, మనకి చెప్పేవాళ్ళూ రెండింటిలో ఒకటే తీసుకోమంటారు. ఏది అన్నదే తేడా.

ఇక్కడితో ఆపేస్తే కథ చక్కగా ఉంటుంది, కానీ ఆ తర్వాత కూడా జరిగింది. ఆల్బమ్ అట్ట మీద రచన, నిర్మాణం ఘనత దాదాపు అంతా ఆమె పేరునే ఉంది. పాటల తయారీలో మా చెయ్యి కూడా ఉంది, మా పేర్లు వేయలేదు అని నలుగురు సంగీతకారులు దావా వేశారు. 2001లో కోర్టు బయట రాజీ అయింది. స్త్రీ ఒంటరిగా ఇంత పని చేయగలదని లోకం నమ్మదు అనేవాళ్ళున్నారు, అది నిజమే. కానీ పని చేసినవాడి పేరు కూడా పేరే. హాజరులో పేరు పలకకపోతే ఎలా ఉంటుందో పాటగా కట్టిన మనిషి ఆ నలుగురి సంగతిలో ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది.

2002లో ‘ఎంటీవీ అన్‌ప్లగ్డ్’ వచ్చింది. చేతిలో గిటారు, బొంగురు గొంతు, పాటల మధ్య పొడుగాటి మాటలు. చాలామందికి నచ్చలేదు. నాకు సగం నచ్చింది. స్టూడియోలో చేసిన రెండో సొంత ఆల్బమ్ మాత్రం ఇప్పటిదాకా రాలేదు. 2013లో ఆదాయపన్ను లెక్కలు దాఖలు చేయని కేసులో మూడు నెలలు జైల్లో ఉంది. ఆమె కచేరీలకి ఆలస్యంగా వస్తుందని అభిమానులే విసుక్కుంటారు. అయినా ఆ ఒక్క ఆల్బమ్‌ని అమెరికా వాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డుల్లో చేర్చింది. 2024లో యాపిల్ మ్యూజిక్ వేసిన వంద గొప్ప ఆల్బమ్‌ల పట్టికలో మొదటి పేరు ఇదే.

మొత్తం వినడానికి గంటంబావు పైన పడుతుంది. ర్యాప్ అలవాటు లేనివాళ్ళు ‘ఎక్స్-ఫాక్టర్’తో మొదలుపెట్టండి, అందులో పాటే ఎక్కువ. తర్వాత ‘డూ వాప్’ వినండి, రెండో చరణం దగ్గర ఊపిరి ఎక్కడ తీసుకుందో లెక్కపెట్టండి. ‘టు జయాన్’లో గిటారు వాయించింది కార్లోస్ సంతానా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే బాగా తెలుస్తుంది. నా దగ్గరున్నది ఒక్కటే, కావాలంటే మధ్యాహ్నం భోజనాల బెల్ తర్వాత అడగండి.