సైనికుడి కోటుకు మరమ్మతు: సూదిపని తెలిసినవారికో ప్రత్యేక ఉపాధి

టైలరింగ్ నేర్చుకునేవాళ్లలో చాలామంది చూపు బ్లౌజులు, డ్రెస్సులు, స్కూల్ యూనిఫాంల దగ్గరే ఆగిపోతుంది. సైనికాధికారులు పరేడ్‌కీ వేడుకలకూ వేసుకునే కోటును బాగుచేయడం, ఏళ్ల తరబడి పాడవకుండా చూసుకోవడం ఒక ప్రత్యేక వృత్తి. సికింద్రాబాద్ కంటోన్మెంట్, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, విశాఖలోని తూర్పు నౌకాదళం మన మధ్యే ఉన్నాయి. అయినా మన పిల్లలకు ఈ దారి గురించి చెప్పేవారు తక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ కోటు కొత్తది కుట్టించుకుంటే ఖర్చు ఎక్కువ. పైగా ఏడాదిలో కొన్నిసార్లే వేసుకుంటారు. కాబట్టి కొత్తవి కుట్టే పని కన్నా ఉన్నవాటిని సరిచేసే పనే తరచుగా వస్తుంది. ఒళ్లు వస్తే వదులు చేయాలి, ప్రమోషన్ వస్తే ర్యాంకు గుర్తులు మార్చాలి. కల్నల్, ఆపై ర్యాంకులవారి కాలరు మీద ఎర్రటి గోర్జెట్ ప్యాచ్‌లు కుట్టాలి. పైనుంచి నిబంధన మారినా పని పుడుతుంది. ఆర్మీలో బ్రిగేడియర్, ఆపై అధికారులందరికీ 2023 ఆగస్టు 1 నుంచి రెజిమెంట్‌తో సంబంధం లేకుండా ఒకే రకం యూనిఫాం వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో నేవీ అడ్మిరళ్ల భుజకీర్తులు మారాయి.

ఇక అసలు పనితనం. ఉన్ని కోటుకు మొదటి శత్రువు చిమ్మెట. దాని పురుగు ఉన్నిని తిని చిన్న చిన్న చిల్లులు పెడుతుంది. అక్కడ ప్యాచ్ వేస్తే కోటు పరేడ్‌కు పనికిరాదు, రఫూ చేయాల్సిందే. కోటు లోపలి మడతల్లో టైలర్ వదిలిపెట్టిన బట్ట ఉంటుంది. దాని అంచు నుంచి పోగులు జాగ్రత్తగా లాగి, సన్నటి సూదితో చిల్లు చుట్టూ ఉన్న నేత ఎటు నడుస్తోందో అటే నిలువు పోగులు, వాటి మధ్యగా అడ్డపోగులు అల్లాలి. బయటి నుంచి దారం తెస్తే రంగు ఎంత కలిసినా ఎండలో తేడా పట్టిచ్చేస్తుంది. పని అయ్యాక తడిగుడ్డ వేసి ఆవిరి పట్టిస్తే పోగులు ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. ఇస్త్రీపెట్టె నేరుగా ఉన్ని మీద పెట్టకూడదు. పెడితే మెరుపు మచ్చ పడుతుంది, అది పోవడం కష్టం.

మగ్గం వర్క్ వచ్చిన అమ్మాయిలు ఈ మాట ప్రత్యేకంగా వినాలి. పెళ్లి బ్లౌజు మీద మీరు వాడే స్ప్రింగ్ లాంటి జర్దోసీ తీగ ఉంది కదా, ముక్కలుగా కత్తిరించి పూసలా సూదికి ఎక్కించి కుడతారు. అధికారుల కోటు మీద చేతితో కుట్టిన బంగారు రంగు బ్యాడ్జీల్లో ఉండేదీ ఆ తరహా పనే. వారణాసి జర్దోజీ కళాకారులు తరాలుగా విదేశీ సైన్యాలకూ ఈ బ్యాడ్జీలు కుట్టి పంపుతున్నారు. తీగ ఊడిన బ్యాడ్జీని సరిచేసేవాళ్లు మాత్రం అరుదు. మీ చేతిలో ఉన్న విద్యకు ఇక్కడ ఇంకో అంగడి ఉంది.

ఇత్తడి గుండీల దగ్గర చాలామంది కోటు పాడుచేస్తారు. పాలిష్ ద్రవం బట్టకు తగిలితే మరక పడుతుంది, జరీకి తగిలితే నల్లబడుతుంది. గుండీ వెనకాల రింగు ఉంటే తీసి విడిగా తోమాలి. కుట్టేసినదైతే కింద గాడి ఉన్న రేకు దూర్చి తోమాలి. మెరుపు పూత ఉన్న గుండీలకు ఇత్తడి పాలిష్ వాడనే కూడదు, పూత లేచిపోతుంది. కోటును ప్లాస్టిక్ కవరులో బిగించి పెట్టకండి, చెమ్మ లోపలే ఉండిపోతుంది. నూలు సంచిలో, వెడల్పాటి హ్యాంగరుకు వేలాడదీయాలి. పెట్టేముందు బ్రష్ చేయడం మరవొద్దు. చెమట, తిండి మరకలున్న చోటికే చిమ్మెట ముందు వస్తుంది.

ఎక్కడ నేర్చుకోవాలి? ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ ఏడాది కోర్సు. అది పునాది మాత్రమే, రఫూ పని అనుభవమున్న దర్జీ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. సర్కారీ కొలువు కావాలంటే బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వంటి బలగాల కానిస్టేబుల్ ట్రేడ్స్‌మన్ నోటిఫికేషన్లలో టైలర్ ట్రేడు చూడండి. పదో తరగతి అర్హత ఉండాలి, దేహదారుఢ్య పరీక్షతోపాటు ట్రేడ్ టెస్ట్ ఉంటుంది. అక్కడ చేతిపనే మాట్లాడుతుంది. ఖాళీలు, వయసు ప్రతిసారీ మారతాయి కాబట్టి తాజా నోటిఫికేషనే చదవండి. సొంత షాపు పెట్టాలనుకుంటే పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15 వేల రూపాయలు, తొలి విడతలో లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం ఉన్నాయి.

ఒక హెచ్చరిక. సైనికుడు కానివాడు సైనికుడినని నమ్మించేందుకు ఆ దుస్తులు వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు, 2 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2022లో వచ్చిన కొత్త కాంబాట్ యూనిఫాం డిజైన్‌ను ఆర్మీ తన పేర రిజిస్టర్ చేయించుకుంది. అనుమతి లేకుండా దాన్ని కుట్టడం, అమ్మడం కుదరదు. కస్టమర్ గుర్తింపు కార్డు చూసి, వివరాలు రాసిపెట్టుకుని పని తీసుకోండి. ఎంత డబ్బిస్తానన్నా ఈ విషయంలో మెత్తబడొద్దు.

ఇంకో రకం కస్టమర్లూ వస్తారు. 1971 యుద్ధంలో పనిచేసిన తండ్రి కోటు తెచ్చి కొత్తదానిలా చేసిపెట్టమంటారు. అలాంటిదాన్ని ఉతకొద్దు, పాత దారం పీకొద్దు, పోయిన గుండీ స్థానంలో కొత్తది పెట్టొద్దు. చిల్లు ఇంకా పెరగకుండా వెనక నుంచి పల్చటి బట్ట ఆధారం ఇస్తే చాలు. ఎందుకు వద్దంటున్నారో ఆ కుటుంబానికి ఓపికగా చెప్పండి. ఈ వైపు ఆసక్తి కలిగితే మ్యూజియం వస్త్రాల సంరక్షణ అనే పెద్ద చదువు ఉంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో సంరక్షణ శాస్త్రంలో పీజీ చేయవచ్చు.

ఇప్పటికే సూది పట్టడం వచ్చినవాళ్లు కోర్సు కోసం ఆగక్కర్లేదు. చిమ్మెటలు కొట్టిన పాత ఉన్ని కోటు ఒకటి సంపాదించి చిల్లులన్నీ రఫూ చేయండి. దాన్ని తీసుకెళ్లి దగ్గర్లోని కంటోన్మెంట్ బజారులో ఓ మిలటరీ టైలర్‌కు చూపించి, పనిలో పెట్టుకోమని అడగండి.