జటిల భగందరము – శస్త్రచికిత్సల తారతమ్యము

ఉర్దూ గజళ్ళలో ‘నాసూర్’ అను మాటను మా విద్యార్థులు ఎరుగుదురు. మానని మనోవ్యధకు అది సంకేతము. వైద్యములో మాత్రము అది సాక్షాత్తు మానని పుండే. మలద్వారము లోపలి గ్రంథికి చీముపట్టి, ఆ చీము చర్మము వరకు తొలుచుకొని వచ్చిన సొరంగమును సుశ్రుతుడు భగందరమన్నాడు. అనేక రంధ్రములు గల దానికి శతపోనకమని పేరు.

మేము తెలుగు చెప్పుకొనువారమే గాని వైద్యులము కాము. అయినను మా బంధువొకరు సిగ్గుచేత మూడేండ్లు ఈ బాధను దాచి, చివరకు ఒకచోట కోత చేయించుకొన్నారు. పుండు మానినది, మలమును ఆపుకొను శక్తి పోయినది. పెండ్లిళ్ళకు గాని మసీదుకు గాని పోవుట మానుకొన్నారు. ఈ వ్యాసమునకు అదియే కారణము.

చిక్కంతయు మలమును నిలిపియుంచు వలయాకార కండరముతోనే. సొరంగము దాని అంచును మాత్రమే దాటినచో, చీల్చి తెరచిన చాలును. నూటికి తొంబది మందికి పైగా నయమగును. కండరములో మూడవ వంతునకు మించి చుట్టుకొన్నను, శాఖలు పుట్టినను, తిరుగబెట్టినను అది జటిలము. అట్టిదానిని ఒక్కసారిగా చీల్చుట ప్రమాదకరము. లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో పార్క్స్ ప్రభృతులు 1976లో 400 మందిని పరిశీలించి, కండరమును దాటు తీరును బట్టి నాలుగు విధములుగా విభజించినారు. నేడు ఆ దారిని ఎం.ఆర్.ఐ. కోతకు ముందే చూపుచున్నది.

మన దేశపు క్షారసూత్రమును గూర్చి కొంత వివరముగా చెప్పవలెను. ఆకుజెముడు పాలు, ఉత్తరేణి క్షారము, పసుపు పూసిన నూలుదారమును సొరంగములో కట్టి వారమునకొకసారి మార్చుదురు. అది మెల్లగా కోయుచుండగా వెనుక భాగము మానుచు వచ్చును. భారత వైద్య పరిశోధనా మండలి పరీక్షలో, 1991లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఏడాదిలో తిరుగబెట్టినవి దీనితో నూటికి 4, కోతతో 11. మానుటకు పట్టినది మాత్రము 8 వారములు, 4 వారములు. అయితే ఇదియు కండరమును కోయునదే, నెమ్మదిగా కోయునంతే.

కండరమును కోయని పద్ధతులు తరువాతివి. బ్యాంకాకుకు చెందిన రోజనసకుల్ 2007లో ప్రకటించిన ‘లిఫ్ట్’లో రెండు కండరముల నడుమ సొరంగమును కట్టి తెంచుదురు. అది విఫలమైనను కొందరిలో మిగిలిన సొరంగము సులభ సాధ్యమగుట దీనియందలి మేలు. మాకు ఇదియే మెచ్చదగినదిగా తోచుచున్నది. లోపలి రంధ్రమును పేగు పొరతో కప్పుట మరొకటి. జంతు ధాతువుతో చేసిన బిరడా పెట్టుట ఇంకొకటి. అది పందిపేగు పొరతో చేసినదగుట కలదు గనుక మనవారు ముందే అడిగి తెలిసికొనవలెను. బ్రిటనులో 304 మందిపై జరిగిన పరీక్షలో ఏడాదికి బిరడాతో నూటికి 54, ఇతర పద్ధతులతో 55 మానినవి. అనగా ఆధిక్యము లేదు. క్రోన్స్ రోగుల భగందరమునకై ఐరోపాలో 2018లో అనుమతి పొందిన మూలకణముల ఔషధమును, తరువాతి పరీక్షలో ప్రయోజనము రుజువు కాకపోవుటచే 2024లో విపణి నుండి ఉపసంహరించినారు.

అట్టి రోగులలో కొందరికి చీము నిలువకుండ వదులుగా ఒక దారమును వేసి, ఏండ్ల తరబడి అట్లే ఉంచుదురు. వారు ఉద్యోగములు చేసికొనుచునే ఉన్నారు.