ఏరేటరు పట్టుటకు ముందు ఎరుగవలసిన నేల

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల నడిగడ్డ రేగళ్లలోనో, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల ఎఱ్ఱ చెల్కలలోనో పుట్టి పెరిగి, హైదరాబాదులో చదువు ముగించి, ఉద్యోగార్థమై అమెరికా చేరి, కొన్నేండ్లు అద్దె ఇండ్లలో గడిపి, తుదకు డాలసు పరిసరములలోని ఫ్రిస్కోలోనో, అట్లాంటాకు ఉత్తరముననున్న కమ్మింగులోనో, షార్లటు శివారులలోనో సొంత ఇల్లు కొనుక్కొనిన మన ప్రాంతపు దంపతులకు, ఆ ఇంటితోపాటు తాము కోరకయే సంక్రమించు బాధ్యత యొకటి కలదు. అది ఇంటికి ముందు వెనుకల పరచుకొనియుండు పచ్చిక. తొలియేడు అది కన్నులపండువుగా నుండును. రెండు మూడేండ్లు గడచునప్పటికి అక్కడక్కడ పలుచబడి, పెట్టిన నీరు ఇంకక కాలిబాట మీదికి జారిపోవుట మొదలగును; కాలనీ సంఘమువారి హెచ్చరిక లేఖ వచ్చును; ఇరుగుపొరుగువారు ఏరేటరు పట్టుమని సలహా చెప్పుదురు. అంతట ఒక శనివారము ఉదయమున, అద్దెకు తెచ్చిన బరువైన యంత్రమొకటి వాకిట నిలుచును. నాగలి వెనుక నడచిన వంశములవారమే యైనను, అట్టి యంత్రము మనలో పెక్కుమందికి క్రొత్తది. అది త్రొక్కబోవు నేల అంతకంటెను క్రొత్తది. ఆ రెంటిలో నేలను గూర్చియే ముందు తెలిసికొనవలెనని నా నమ్మకము. ఇంజను చేయు చప్పుడు మనలను హెచ్చరించుచునే యుండును. భూమిలో దాగినది హెచ్చరింపదు.

పచ్చిక కృశించుటకు తరచుగా కారణము మట్టి బిగిసిపోవుటయే. ఇల్లు కట్టునప్పుడు భారీ యంత్రములు తిరిగి నేలను అణగద్రొక్కును; ఆ పైన పలుచగా మంచి మన్ను చల్లి, చుట్టలుగా తెచ్చిన గడ్డిని విప్పి పరచిపోవుదురు; క్రిందిది గట్టి బంకమన్నుగనే మిగులును. డాలసు చుట్టుప్రక్కల బ్లాక్‌లాండ్ ప్రెయిరీ యని పిలువబడు నల్లనేల మన రేగడి జాతిదే. వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. జార్జియా, ఉత్తర కెరొలైనాలలోని ఎఱ్ఱ బంకమన్ను ఎండినచో గడ్డపారకు కూడ సులభముగా లొంగదు. ఏరేటరునకు అడుగున బోలుగానుండు ఉక్కు పళ్లు వరుసలుగా అమర్చబడియుండును. అవి రెండు మూడంగుళములు నేలలో దిగి, వ్రేలి లావు మట్టి కడ్డీలను పెరికి పైన పడవేయును. ఆ రంధ్రముల గుండ గాలియు, నీరును, ఎరువును వేళ్లకు చేరును. బోలుపళ్లకు మారుగా మేకులు మాత్రమే గల చౌక పనిముట్లు కూడ దొరకును గాని, అవి మట్టిని తీయక ప్రక్కలకు నొక్కుటచే, బంకనేలలో వానివలన మేలు తక్కువ.

డాలసు లోగిళ్లలో ముచ్చటపడి పెంచు బెర్ముడా గడ్డి మఱేదియో కాదు, వినాయక చవితినాడు స్వామికి సమర్పించు మన గరికయే. పల్లి చేలలో దానిని పెరికి పెరికి విసిగిన తండ్రులు, ఇచ్చట కుమారుడు దానికే ఎరువు వేసి నీరు పెట్టుట చూచి విస్తుపోవుట సహజము. గరిక వేడికి పెరుగు జాతి గనుక, వసంతము చివరనుండి వేసవి తొలిదినముల వరకు, అది చురుకుగా నల్లుకొను కాలమున ఏరేటరు పట్టవలెను. కెరొలైనాలో విరివిగా పెంచు ఫెస్క్యూ చలిని కోరు జాతి. దానికి సెప్టెంబరు, అక్టోబరు తగిన మాసములు. క్రొత్తగా పరచిన గడ్డికి తొలియేడు ఈ పని తలపెట్టరాదు.

ఋతువుకంటెను ముఖ్యమైనది పదును. ఈ విషయమున మన మెట్టరైతుకు ఒకరు నేర్పవలసినది లేదు. వాన వెలిసిన పిమ్మట ఏ పూట గుంటక తోలవలెనో, ఏ పూట ఆగవలెనో పిడికెడు మన్ను నలిపి చూచి నిశ్చయించు నేర్పు అతనికి పుట్టుకతో వచ్చినది. ఇచ్చట కావలసినదియు నదియే. గుప్పెడు మన్ను తీసి పిసికినప్పుడు ముద్దయై, వ్రేలితో పొడువగనే విడిపోయినచో పదునున్నట్లు. చేతికి జిగురువలె అంటుకొనినచో మఱియొక దినము ఆగవలెను. ముద్ద కట్టక పొడిపొడిగా రాలినచో ముందునాడు అంగుళము మేర నీరు పెట్టవలెను. ఇది గడ్డి క్షేమము కొఱకు మాత్రమే చెప్పుట కాదు. ఎండిన గట్టినేలపై పళ్లు దిగక యంత్రము ఎగిరెగిరిపడి పిడిని చేతులనుండి గుంజుకొనును. బురదనేలపై, అందును వాలుపై, చక్రములు జారి యంత్రము మనిషి మీదికి ఒరగును. పదును తప్పిన నేలపై ఎంత జాగరూకుడును యంత్రమును అదుపున నుంచలేడు.

ఇక భూమిలోపలి సంగతి. గద్వాల చెంతనున్న రైతుకు తన బోరునుండి చేనికి పైపు ఏ గట్టు వెంట పోయినదో తెలియును. ఆ కందకము త్రవ్వించినవాడు తానే. అమెరికాలో మనము కొనుక్కొనిన ఇంటి పచ్చిక క్రింద విద్యుత్తు తీగెలు, గ్యాసు గొట్టములు, ఇంటర్నెట్టు కేబుళ్లు, మంచినీటి పైపులు మనము రాకమునుపే ఎవరెవరో పూడ్చిపోయినవి. పళ్లు దిగునది మూడంగుళములే గదా యని ఉపేక్షింపరాదు. ఇంటివరకు లాగిన ఇంటర్నెట్టు కేబులు కొన్నిచోట్ల బెత్తెడు లోతున మాత్రమే యుండును. పైమన్ను కొట్టుకొనిపోయిన తావులలో, ఒకనాడు లోతుననున్నది నేడు పైకి తేలియుండవచ్చును. అందుచేత రెండు మూడు పనిదినముల ముందుగనే 811 అను నంబరుకు ఫోను చేసి చెప్పవలెను. 2007 నుండి అమెరికా దేశమంతట ఈ ఒక్క నంబరు పనిచేయుచున్నది. ఇంటి యజమాని ఇందుకు రుసుము చెల్లింపనక్కరలేదు. ఆయా సంస్థలవారు వచ్చి నేలపై రంగు చల్లి, చిన్న జెండాలు నాటిపోవుదురు. ఎఱుపు విద్యుత్తునకు, పసుపు గ్యాసునకు, నారింజ రంగు టెలిఫోను, ఇంటర్నెట్టు కేబుళ్లకు, నీలము మంచినీటికి, ఆకుపచ్చ మురుగునీటికి గుర్తులు. మన దేశమున కూడ ఇట్టి ఉద్దేశముతోనే 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ అను ఆప్‌ను కేంద్రప్రభుత్వము ప్రారంభించినది గాని, మన ఇండ్లలో పార పట్టుటకు ముందు ఒకరిని అడుగు అలవాటు లేదు. ఇచ్చట ఆ అలవాటు మొదటి ఇంటితోనే చేసికొనవలెను.

అయితే సంస్థలవారి గుర్తులు సాధారణముగా ఇంటి మీటరు పెట్టె వరకే. మీటరు దాటినవియు, పూర్వపు యజమాని స్వయముగా వేయించుకొన్నవియు వారు చూపరు. తోట దీపముల తీగెలు, కుక్క హద్దు దాటకుండ నేలలో పరచు తీగె, స్ప్రింక్లరు పైపులు ఈ కోవకు చెందినవి. వీనిలో తరచుగా దెబ్బతినునది స్ప్రింక్లరు తల. నీరు ఆపియున్నప్పుడు అది నేలమట్టమునకు దిగి, రెండు గడ్డి మొనల నడుమ నల్లని బిళ్లగా మిగులును. నెలనాళ్లు కోయని గడ్డిలోనైతే ఆ బిళ్లయు కానరాదు, అరికాలికి మాత్రమే తగులును. కావున ముందునాటి సాయంకాలము ఒక్కొక్క జోనును ఒక నిమిషము నడిపించి, తల పైకి లేచిన ప్రతిచోటను ప్రక్కగా ఒక జెండా గ్రుచ్చి, వాల్వు పెట్టెల మూతలను కూడ వెదకి గుర్తించి, వానికి జానెడు ఎడముగా యంత్రమును నడపవలెను. ఒకవేళ పని నడుమ గ్యాసు వాసన తగిలినచో, ఎక్కడిది యని వంగి వెదకుట ప్రాణాంతకము. యంత్రపు పిడి వద్దనుండు లీవరు విడిచి, యంత్రమును అక్కడనే వదలి, ఇంటివారినందరిని వెంటగొని దూరముగా పోయి, అచ్చటినుండి 911కు ఫోను చేయవలెను.

యంత్రమును హోమ్ డిపో వంటి దుకాణములు పూటకో దినమునకో అద్దెకిచ్చును. దాని బరువు నూరు కిలోలకు పైమాట. ఇద్దరు మిత్రులు చెరియొకవైపు పట్టి కారులోనికి ఎత్తబూనుటవలన నడుములు పట్టిన సందర్భములు కలవు. ట్రెయిలరు, ర్యాంపు కూడ అడిగి తీసికొని, పట్టీలతో బిగించి తెచ్చుట మేలు. దుకాణమువారిని మొగమాటము లేక అడిగి, మీ యెదుటనే ఇంజను ఒకమారు ఆడించి ఆపించుకొనవలెను. గొలుసుపైని రేకు మూత ఊడియున్నదా, పళ్ల బోల్టులు వదులైనవా, పిడి వద్దనుండు లీవరు విడువగనే పళ్లు నిలుచుచున్నవా యని చూడవలెను. ఆ లీవరు మన ప్రాణరక్షణ కొఱకు పెట్టినది. చేయి నొచ్చుచున్నదని దానిని తాడుతోనో టేపుతోనో కట్టివేయు దుస్సాహసము ఎన్నటికిని చేయరాదు.

ఇంట చెప్పులు, పంచె, లుంగీ, జారు కొంగు, వ్రేలాడు చున్నీ ఎంత సుఖమైనవైనను యంత్రము దరికి అవి రాకూడదు. మడమ వరకు మూయు గట్టి బూట్లు, పొడుగు ప్యాంటు, కన్నులకు అద్దములు, చెవులకు రక్షణ కావలెను. ఇందు నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది, ఊరినుండి ఆరునెలలకై వచ్చిన తలిదండ్రుల మాట. వనపర్తి పల్లెలో జీవితమంతయు చేనిలో గడపిన నాయన, కొడుకు ఇంట ఊరక కూర్చుండలేక, "నాకీయరా బిడ్డా, నేను ఎడ్లను తోలినోణ్ణి" అని చేయి చాచుట ఆయనకు గౌరవమే, దానిని తృణీకరింపరాదు. అయినను, పట్టు కొంచెము సడలగనే నూరు కిలోల ఇనుము తనంతట ముందుకు ఉరుకును. ఎద్దు వలె అదిలింపునకు ఆగునది కాదు. సందర్శకులై వచ్చినవారి ఆరోగ్య బీమా సాధారణముగా పరిమితి గలది. విరిగిన కాలి వైద్యమునకగు వ్యయము కుటుంబమును కృంగదీయగలదు. ఆయనకు పదును చూచు పని అప్పగింపుడు, జెండాలు నాటించుడు, మనుమలను కిటికీలోపల నుంచు బాధ్యతయు నప్పగింపుడు. ఆ మూడును ఆయన మనకంటె బాగుగా చేయును.

పళ్లను పైకెత్తి యుంచి ఇంజను ఆడించి, పచ్చికపైకి వచ్చిన తరువాతనే వానిని దింపవలెను. యంత్రము తనంతట నడచును. త్రోయనక్కరలేదు, వెంట నడుచుచు దారి చూపవలెను. వరుస చివరకు చేరగనే, డ్రమ్ము రకపు యంత్రమైనచో పళ్లను ఎత్తి మలుపవలెను. దిగియున్న పళ్లతో మలిపినచో గడ్డి చీలుటయే గాక, యంత్రము ప్రక్కకు గుంజును. వెనుకకు లాగవలసివచ్చినప్పుడు ముందు తల త్రిప్పి చూడవలెను, ఏలయనగా వెనుకనున్న గట్టుకో పూలకుండీకో కాలు తగిలి పడినవానిమీదికి వచ్చునది ఆ యంత్రమే. కాలిబాట దాటునప్పుడు పళ్లను ఎత్తి దాటవలెను. నిటారైన వాలుపై పట్టనేరాదు. స్వల్పమైన వాలున ఏ దిశగా నడపవలెనో ఆ యంత్రపు పుస్తకము చెప్పినట్లు చేయవలెను. పళ్లలో వేరో రాయో ఇరుకుకొనినచో, ఇంజను ఆపి, కదలిక పూర్తిగా నిలిచినదాక ఆగి, స్పార్క్ ప్లగ్గు తీగె ఊడదీసి, చేతికి తొడుగులు వేసికొని గాని వ్రేళ్లు పెట్టరాదు.

పెట్రోలు పోయుటకు ముందు ఇంజను చల్లారవలెను. డబ్బాను బంకు వద్ద కారు డిక్కీలోనే ఉంచి నింపరాదు. నేలపై దింపి నింపవలెను. చినుకులు పడుచున్నవని గరాజులో ఇంజను ఆడించుట మహాపాయము. తలుపు తెఱచియున్నను కార్బన్ మోనాక్సైడు లోపల పేరుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు, ఇంటిలోపలికి చొచ్చినను తెలియదు.

మన కాలనీలలో నలుగురు మిత్రులు పొత్తున ఒక యంత్రము తెచ్చుకొని వంతులవారీగా పట్టుకొనుట మంచి సంప్రదాయమే. కాని అద్దె గడియలు లెక్కించుచు నాలుగవ ఇంటికి చేరునప్పటికి పొద్దు వ్రాలును, చేతులు తిమ్మిరెక్కును, ఆ ఇంట జెండాలు నాటియుండవు. కావున ఇండ్ల సంఖ్య తగ్గించుకొనుడు. ప్రతి ఇంటివారును తమ పేర 811కు వేరుగా ఫోను చేసికొనుడు. లేదా ఆ చివరి ఇంటికి కూలి యిచ్చి నిపుణునిచే చేయించుడు.

పని ముగిసిన తరువాత పచ్చికపై పడియున్న మట్టి కడ్డీలు చూపునకు అసహ్యముగా నుండును గాని, వానిని ఊడ్చివేయరాదు. రెండు మూడు వారములలో నీటికిని, కోత యంత్రమునకును చితికి అవియే ఎరువగును. ఫెస్క్యూ విత్తనము చల్లదలచినవారు రంధ్రములు పూడకముందే, ఒకటి రెండు దినములలో చల్లవలెను. ఇక ఆ స్ప్రింక్లరు జెండాలను తొలి కోతకు ముందు లెక్కపెట్టి తీసివేయవలెను. నాటినప్పుడు ఎన్నియో గోడపై వ్రాసియుంచుకొనినచో మంచిది. ఒక్క జెండా తీగె కోత యంత్రపు కత్తికి తగిలినచో, అది తెగి బాణమువలె ఎగిరి ఎవరి కాలిలోనైన దిగగలదు.