నెత్తురు గడ్డకట్టుటకు వెచ్చదనము

రామగుండము పేరు వినగానే మనకు మండుటెండలు జ్ఞప్తికి వచ్చును. గోదావరిఖని వేసవిని చవిచూచినవారికి చలిని గూర్చి చెప్పబూనుట వింతగా తోచవచ్చును. కాని ఆ ఎండలలో సైతము, గాయపడి నెత్తురు కోల్పోయిన మనిషి శరీరము చల్లబడును. చల్లబడిన శరీరములో నెత్తురు త్వరగా గడ్డకట్టదు. బొగ్గుబావులే జీవనాధారమైన ఈ ప్రాంతమున ప్రతి కుటుంబమును ఈ సంగతి తెలిసికొనవలయును.

నెత్తురు ఎట్లు గడ్డకట్టును?

మన నెత్తురులో ఎఱ్ఱకణములు, తెల్లకణములతోపాటు మిక్కిలి చిన్నవైన రక్తఫలకికలు గలవు. డెంగీ జ్వరము మూలమున ఇవి ‘ప్లేట్‌లెట్లు’ అను పేరుతో పల్లెలకును పరిచితమైనవి. ఆరోగ్యవంతుని నెత్తురులో ఘనమిల్లీమీటరునకు సుమారు లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షల వరకు ఇవి ఉండును. చెరువుకట్టకు గండిపడినపుడు ముందుగా ఇసుకబస్తాలు వేసినట్లు, రక్తనాళము తెగినంతనే ఫలకికలు ఆ చోట అంటుకొని గుమిగూడును. పిమ్మట నెత్తురులోని మాంసకృత్తులు సన్నని పోగులతో వల అల్లి ఆ అడ్డును గట్టిపఱచును.

ఈ పని 37 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద చక్కగా సాగును. శరీరపు వేడి 35 డిగ్రీలకు దిగువకు పోయిన కొలది ఫలకికల అంటుకొను శక్తి తగ్గును. 33 డిగ్రీలకు దిగువన వల అల్లు పనియు బాగుగా మందగించును. ప్రయోగశాలలో నెత్తురును 37 డిగ్రీలకు వెచ్చజేసి పరీక్షింతురు గనుక, చలివలని ఈ లోపము పరీక్షలో కానరాకపోవచ్చును.

బావిలో చలి ఎక్కడిది?

చెమటకు తడిసిన బట్టలు, బావిలో ఊరు నీరు, పంకాలు పంపు గాలి, క్రిందనున్న రాయి – ఇవన్నియు క్షతగాత్రుని వేడిని లాగివేయును. నెత్తురు తగ్గిన శరీరము తగినంత వేడిని పుట్టించుకొనజాలదు. నెత్తురు పోయిన కొలది చలి హెచ్చును; చలి హెచ్చిన కొలది నెత్తురు ఆగదు. దీనికితోడు, అవయవములకు ప్రాణవాయువు చాలక నెత్తురులో ఆమ్లము పెరిగి గడ్డకట్టుటను మఱింత చెడగొట్టును.

“చన్నీళ్లు పోసిన నెత్తురు ఆగును గదా” అని కొందఱందురు. చిన్న దెబ్బపై మంచు నుంచిన, నాళములు ముడుచుకొని స్రావము కొంత తగ్గుట నిజమే. కాని పెద్ద గాయమైనవాని ఒడలెల్ల తడుపుట ప్రాణాపాయము. వడదెబ్బ తగిలినవానిని చల్లార్చవలయును. నెత్తురు కారుచున్నవానిని వెచ్చగా ఉంచవలయును. ఈ భేదమును మఱువరాదు.

మన కర్తవ్యము

మొదట శుభ్రమైన గుడ్డతో గాయమును గట్టిగా అదిమి పట్టవలయును. గుడ్డ తడిసినచో దానిని తీయక, పైన మఱియొకటి వేసి అదుమవలయును. వెన్నెముకకు దెబ్బ తగిలినదను అనుమానమున్న, ఒడలు వంచక నలుగురు కలిసి స్ట్రెచరుపైకి చేర్చవలయును. తడిబట్టలు కత్తిరించి తీసి, ఒడలు తుడిచి, క్రిందను పైనను కంబళి వేసి, తలను కూడ కప్పవలయును. నిప్పులు గాని వేడినీటి సీసాలు గాని ఒంటికి తాకించరాదు. సారాయి పోయరాదు. 108 వాహనమునకు కబురంపి, ఆలస్యము లేక ఆసుపత్రికి చేర్చవలయును.

ఇంకొక జాగ్రత్త కలదు. రక్తనిధిలో ఎఱ్ఱకణములను 2 మొదలు 6 డిగ్రీల చల్లదనములో నిలువచేయుదురు. ప్లేట్‌లెట్లనో, 20 మొదలు 24 డిగ్రీల వద్ద మెల్లగా ఊపుచు సాధారణముగా 5 దినములు ఉంచుదురు. చలి తగిలిన ఫలకికలు బిళ్లవంటి తమ రూపమును కోల్పోవును. రోగికి ఎక్కించిన పిమ్మట కాలేయము వానిని శీఘ్రముగా తొలగించును. కావున డెంగీ రోగికై పొరుగూరినుండి ప్లేట్‌లెట్ల సంచి తెచ్చు బంధువులు, రక్తనిధివారు చెప్పిన విధముననే తేవలయును గాని, మేలుచేయుచున్నామని తలచి మంచుపెట్టెలో పెట్టరాదు.

కంబళి ఖరీదు స్వల్పము. అది పనిస్థలమునకు దగ్గఱగా, పొడిగా, చేతికందునట్లుండినచో, ఆసుపత్రికి పోవు దారిలో ఒక నిండుప్రాణము నిలుచును.